ఇరవై ఎనిమిది వాట్లు

నెలకోసారి ప్రతి గుమ్మం ముందూ నిలబడతాను.
మీటరు అద్దం మీద ఉప్పుగాలి పూసిన మసకని
చొక్కా అంచుతో తుడిచి
లోపలి అంకెను నా మిషన్లోకి ఎక్కిస్తాను.
ముత్తుకూరు కాలనీలో ఎవరింటికి ఫ్రిజ్జు వచ్చిందో,
ఎవరు వారం రోజులు ఆస్పత్రిలో పడున్నారో
వాళ్లు చెప్పకముందే నాకు తెలుస్తుంది.

అదిగో, థర్మల్ పొగగొట్టాలు.
కరెంటు పుట్టే చోటు కంటికి ఆనేంత దగ్గర.
అయినా మే నెల మధ్యాహ్నం
రేకుల కింద రమిజాబీ ఫ్యాను
వేడిని ఈ మూల నుంచి ఆ మూలకు మోయడం తప్ప
ఇంకేమీ చేయదు.

ఆమె జాకెట్లు కుడుతుంది.
కొలతలు రాసే నోటుబుక్కులోనే, చివరి పేజీలో,
ఈ లెక్క కూడా రాసింది:
"పాత ఫ్యాను డెబ్బై ఐదు వాట్లు తింటాదబ్బయా,
కొత్త రకం ఇరవై ఎనిమిదేనంట.
నూట అరవై ఇళ్లు, ఇంటికి రెండు.
సర్కారోళ్లు సగం ధరకిచ్చి
రేకుల మీద తెల్లపూత ఏయిస్తే
ఆ పొగగొట్టం ఒక పూటన్నా ఊపిరి తీసుకోదా?"

కూతురు తస్లీమా ఆ పేజీని ఫోన్లో అర్జీ చేసింది.
లింకు వీధులు తిరిగింది.

వేలికి సిరా అంటకుండా సంతకమేందన్నాడు పెంచలయ్య.
ఓటీపీ మాటెత్తగానే
దొరసానమ్మ ఫోను కొంగులో దాచేసింది:
"పోయినేడు ఇట్టాగే అడిగి
నాలుగు వేలు ఊడ్చకపోయినారు."
రొయ్యల గుంట గట్టెక్కి, సిగ్నల్ కోసం చెయ్యి పైకెత్తి
వెంకటాద్రి సంతకం పెట్టాడు.
దూరం నుంచి చూస్తే దణ్ణం పెడుతున్నట్టే ఉన్నాడు.
కడప నుంచి, బళ్లారి నుంచి, ముఖం ఎరగని పేర్లు కొన్ని.

ఆరువందల పన్నెండు దగ్గర అంకె ఆగింది.
ఆగిన మీటరంటే నాకు తెలుసు.
కాలిపోయన్నా ఉండాలి,
ఇంట్లో మనుషులన్నా లేకుండా ఉండాలి.

నేను సంతకం చేయలేదు.
కాంట్రాక్టు ఉద్యోగం. ఏటా జూన్‌లో పొడిగింపు.
రమిజాబీ అడగలేదు.
మంచినీళ్ల చెంబు మాత్రం ఎప్పట్లాగే ఇచ్చింది.

నలభై రోజులకు జవాబొచ్చింది:
మీ వినతి సంబంధిత శాఖకు పంపడమైనది.
పంపడమైనది.
పంపినవాళ్లు ఆ మాటలో లేరు, అందుకున్నవాళ్లూ లేరు.
నేను వెళ్లి నిలబడడానికి
ఆ వాక్యానికి గుమ్మం లేదు.

రొట్టెల పండగ వచ్చింది.
నెల్లూరు చెరువులో మోకాళ్ల లోతు నీళ్లలో
ఇల్లు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె అని పిలుపులు.
కోరిక తీరినవాళ్లు ఇస్తారు, తీరాల్సినవాళ్లు తింటారు.
రమిజాబీ తడిసిన కొంగు పిండుకుంటూ
"ఫ్యాను రొట్టె ఎవరికాడుందమ్మా?" అంది.
చుట్టూ నవ్వారు.
ఎవరికీ ఇంకా తీరలేదు గనక
ఆ రొట్టె ఎవరి దగ్గరా లేదు.

తర్వాతి ఆదివారం తనే నిచ్చెన వేసుకుని
రేకులకు సున్నం కొట్టింది.
చీటీ పాడి ఒక్క ఫ్యాను కొంది.
ఆ నెల నా మిషను కీచుమంది:
వాడకం అసాధారణం, సరిచూడండి.
ఇరవై ఏడు యూనిట్లు తక్కువ.
సరిచూశాను. సరిగ్గానే ఉంది. నొక్కాను.

ఆ అంకె సబ్‌స్టేషన్ దాటి, నెల్లూరు దాటి
అర్జీ ఆగిపోయిన మేడ మీదికే పోతుంది.
ఆరువందల పేర్లు చదవనివాళ్లు
ఈ ఇరవై ఏడు చదువుతారా? ఏమో.
సున్నం బకెట్టు మాత్రం
దొరసానమ్మ అడిగి పట్టుకుపోయింది,
ఇంకా తిరిగివ్వలేదు.

నిన్న రాత్రి నా ఫోనుకు ఓటీపీ వచ్చింది.
ఆరంకెలు.
పది నిమిషాల్లో చెల్లదని కింద రాసుంది.
చేతిలో పెట్టుకుని కూర్చున్నాను,
పైన పాత ఫ్యాను
డెబ్బై ఐదు వాట్లూ తింటూ
టక్కు టక్కుమంటోంది.